బీరులో అసలైన ఎరుపు తేవడం ఎలా

ఎర్ర బీరు కాద్దామని మొదలుపెట్టిన చాలామందికి చివరికి గ్లాసులో దక్కేది రాగి రంగో, తేనె రంగో, అదీ కాకపోతే బురద తేరినట్టుండే గోధుమ రంగో. ఎరుపునిచ్చే గింజ ఏదో ఒకటి ఉంటుందని, దాన్ని కాస్త ఎక్కువ వేస్తే ఎరుపు కూడా ఎక్కువవుతుందని నమ్మడం వల్లనే ఇలా జరుగుతుంది. వెలుగుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు దానిమ్మ గింజలా మెరిసే రంగు రావాలంటే రెండు పనులు కుదరాలి. బీరు రంగు చిక్కదనం ఒక ఇరుకైన హద్దులో ఆగాలి, బీరు అద్దంలా తేటగా ఉండాలి. మొదటి పని తూకంతో అవుతుంది, రెండవది ఓపికతో అవుతుంది.

పద్ధతిలోకి వెళ్లే ముందు చట్టం సంగతి చెప్పుకోవాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల్లో ఉన్నా, సరిహద్దు దాటి బరంపురం, పర్లాకిమిడిలలో ఉన్నా, ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు పులియబెట్టడం నేరమే అవుతుంది. అందువల్ల ఇక్కడ రాసిన పూర్తి తయారీ మైక్రోబ్రూవరీ (చిన్న బీరు తయారీశాల) లైసెన్సు ఉన్నవారికి, లేదా సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడాన్ని చట్టం ఒప్పుకున్న దేశాల్లో స్థిరపడిన మన పిల్లలకు ఉద్దేశించినది. బ్రిటన్‌లో 1963 నుంచి దీనికి లైసెన్సు అక్కర్లేదు; అమెరికాలో 1978లో చేసిన చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వం దీన్ని అనుమతించింది. ఇక్కడే ఉండి నేర్చుకోదలచినవారు కూడా నిరాశపడనక్కర్లేదు. రంగుకు సంబంధించిన పనిలో పెద్ద భాగం యీస్ట్ కలపకముందే, అంటే అది ఇంకా మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నానబెట్టిన తీపి నీరుగా ఉన్నప్పుడే తేలిపోతుంది. ఆ పరీక్షలను మీ వంటింటి పొయ్యి మీదే చేసి చూడవచ్చు. అయితే సముద్రం పక్కనున్న మన ఊళ్ల ఉక్కలో మాల్ట్ నీరు రాత్రికి రాత్రే తనంతట తానే పొంగడం మొదలుపెడుతుంది కనుక, చూడటం అయిపోయిన రోజునే దాన్ని పారబోయండి.

ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది

బార్లీని మొలకెత్తించి ఎండబెట్టేటప్పుడు, వేయించేటప్పుడు అందులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి మెలనాయిడిన్లు అనే రంగు పదార్థాలుగా మారతాయి. ఇవి మొదట ఊదా, నీలి కాంతులను పీల్చుకుంటాయి. మోతాదు పెరిగేకొద్దీ ఆకుపచ్చను కూడా పీల్చుకుంటాయి. అందుకే అవి పలచగా ఉన్నప్పుడు బీరు పసుపుగాను, కొంచెం చిక్కబడితే నారింజగాను, ఇంకా చిక్కబడితే ఎరుపుగాను కనిపిస్తుంది. అక్కడి నుంచి ఇంకొక అడుగు వేస్తే ఆ మిగిలిన ఎర్ర కాంతి కూడా తగ్గిపోయి గోధుమ రంగు, ఆ తర్వాత నలుపు వస్తాయి. నారింజకు, గోధుమకు మధ్య ఉన్న ఆ సన్నటి సందులో నిలబడటమే మీరు చేయవలసిన పని.

ఆ సందును అంకెల్లో చెప్పడానికి రెండు కొలమానాలు వాడుకలో ఉన్నాయి: అమెరికా వారి ఎస్‌ఆర్‌ఎం, యూరప్ వారి ఈబీసీ. ఎస్‌ఆర్‌ఎం అంకెను సుమారు రెట్టింపు చేస్తే ఈబీసీ వస్తుంది. వీటికి ముందు, 1880లలో, ఇంగ్లండులో బీరు తయారీ కుటుంబానికి చెందిన జోసెఫ్ విలియమ్స్ లోవిబాండ్ రంగు అద్దాలతో పోల్చి చూసే పరికరాన్ని తయారు చేశాడు. మాల్ట్ సంచుల మీద రంగును ఇప్పటికీ చాలా కంపెనీలు ఆయన పేరుతో లోవిబాండ్ డిగ్రీలలోనే ముద్రిస్తాయి. ఐరిష్ రెడ్ ఏల్ అనే రకానికి పోటీల న్యాయనిర్ణేతలు ఒప్పుకునే పరిధి 9 నుంచి 14 ఎస్‌ఆర్‌ఎం. ఎరుపు స్పష్టంగా కనిపించాలంటే ఆ పరిధి పైకొనలో, అంటే 13, 14 దగ్గర ఉండటం మంచిదని నా అభిప్రాయం. 10 దగ్గర ఆగితే రాగి రంగు వస్తుంది, 18 దాటితే ఎరుపు గ్లాసు అంచున మాత్రమే మిగులుతుంది.

ఈ అంకెను పూర్తిగా నమ్మకూడదు. ఎస్‌ఆర్‌ఎం, ఈబీసీ రెండింటినీ 430 నానోమీటర్ల దగ్గర, అంటే నీలి ఊదా కాంతి దగ్గర మాత్రమే కొలుస్తారు. ఎంత నీలి కాంతి ఆగిపోయిందో అది చెబుతుంది కాని, ఎంత ఎర్ర కాంతి దాటి వచ్చిందో చెప్పదు. అందుకే ఒకే 14 ఎస్‌ఆర్‌ఎం ఉన్న రెండు బీర్లలో ఒకటి మాణిక్యంలాను, రెండోది ముదురు తేనెలాను కనిపించవచ్చు. ఆ అంకెను ఏ గింజతో చేరుకున్నారన్నదే తేడా తెస్తుంది.

గింజల ఎంపిక

చేరుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఐర్లండు దారి. కిల్కెన్నీలో పుట్టిన స్మిథిక్స్ లాంటి బీర్లు ఈ కోవలోనివి. లేత రంగు మాల్ట్‌ను ప్రధానంగా తీసుకొని, అందులో బాగా నల్లగా వేయించిన బార్లీని నూటికి సుమారు 2 వంతులు కలుపుతారు. ఇంత కొద్దిపాటి నల్ల గింజ వల్ల మాడు వాసన రాదు, రంగు మాత్రం తేనె నుంచి ఎరుపుకు జరుగుతుంది. రెండవది జర్మన్ మాల్టుల దారి. వేయర్‌మాన్ కంపెనీ కారారెడ్, మెలనాయిడిన్ మాల్ట్, బెస్ట్‌మాల్జ్ కంపెనీ వారి రెడ్ ఎక్స్ లాంటివి ఎరుపు కోసమే తయారైనవి. వీటిలో రెడ్ ఎక్స్‌ను మొత్తం గింజగా కూడా వాడవచ్చు. తూకం తప్పుతుందేమోనన్న భయం ఉన్నవారికి ఇది సులువైన దారి. కాని దానితో వచ్చే రొట్టె పైపెచ్చు లాంటి రుచి అందరికీ నచ్చదు, ఒకే సరుకు మీద ఆధారపడితే అది దొరకని నెలలో చేతులు కట్టుకు కూర్చోవాలి. ఈ వ్యాసంలో మొదటి దారినే ప్రధానంగా చెబుతూ, రెండవ దారి నుంచి ఒక చిన్న సాయం తీసుకుంటున్నాను.

ఎక్కువ మంది చెడగొట్టుకునేది మధ్యస్థపు క్రిస్టల్ మాల్టుల (తడిగా ఉండగానే వేయించి లోపలి పిండిని చక్కెరగా మార్చినవి) దగ్గర. 60 నుంచి 120 లోవిబాండ్ వరకు ఉండే క్రిస్టల్ మాల్టులను చూడగానే ఎర్రగా ఉన్నాయని అర కిలో, ముప్పావు కిలో వేసేస్తారు. వాటి నుంచి వచ్చేది నారింజ, గోధుమల మిశ్రమమే. పైగా ఎండుద్రాక్ష రుచితో బీరు బరువెక్కుతుంది. క్రిస్టల్ మాల్ట్ వాడదలిస్తే లేత రకాన్నే, తక్కువగానే వాడి, రంగు భారాన్ని వేయించిన బార్లీ మీద పెట్టండి.

మన ప్రాంతంలో ఇంకొక ఆశ ఉంటుంది. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో చోళ్ళు, అటు రాయగడ, కొరాపుట్‌లలో మాండియా విరివిగా పండుతుంది కనుక, ఎర్రటి ఆ గింజను మొలకెత్తించి వేస్తే ఎరుపు రాదా అని చాలామంది అడుగుతారు. చోడి గింజ ఎరుపు దాని పైపొరలోని పాలీఫినాల్‌ల రంగు. అది నీటిలోకి వచ్చేసరికి మసకబారిన గోధుమగా మారుతుంది. ఆ పాలీఫినాల్‌లు మాంసకృత్తులతో కలిసి బీరును మరింత మబ్బుగా చేస్తాయి. చోడి అంబలి వేరు, దాని గొప్పతనం వేరు. ఈ పనికి మాత్రం అది ఒప్పదు.

కిరాణా బార్లీని వేయించడం

వేయించిన బార్లీ కొనుక్కోగలిగితే సుమారు 500 లోవిబాండ్ రకాన్ని కొనండి. దొరకకపోతే కిరాణా దుకాణంలో జావ కోసం అమ్మే బార్లీ గింజలతోనే పని జరుగుతుంది. మాల్ట్ చేయని బార్లీని వేయిస్తే వచ్చేదే ఈ గింజ కనుక, మొలకెత్తించే శ్రమ లేదు. దుకాణంలో దొరికేది పొట్టు తీసినది కావడం కూడా మనకు లాభమే. పొట్టు మాడితే వచ్చే వగరు తగ్గుతుంది.

మందపాటి ఇనుప మూకుడులో పావు కిలో గింజలు పోసి, సెగను మధ్యస్థానికి కొంచెం తక్కువగా ఉంచి, అట్లకాడతో అడుగు నుంచి పైకి తిప్పుతూ ఉండండి. చెయ్యి ఆపితే అడుగు గింజలు ఒకవైపు నల్లబడి మరొకవైపు తెల్లగా మిగిలిపోతాయి. గింజ మొదట గడ్డి రంగుకు, తర్వాత వేరుశెనగ పొట్టు రంగుకు, ఆ తర్వాత వేయించిన కాఫీ గింజ రంగుకు వస్తుంది. ఈ చివరి దశలో నిమిషానికొక గింజను తీసి చాకుతో రెండుగా కోసి చూడాలి. లోపలి భాగం కూడా పైభాగం అంత ముదురు గోధుమగా ఉంటే దించే సమయం వచ్చినట్టు. పైన నల్లగా ఉండి లోపల తెల్లని చుక్క కనిపిస్తే సెగ ఎక్కువైనట్టు. మంట తగ్గించి ఇంకొంత సేపు తిప్పండి. గింజ బొగ్గులా నిగనిగలాడి, పొగ కంట్లో మంట పెడుతుంటే అది చెయ్యి దాటిపోయింది, దాన్ని వాడవద్దు.

దించిన వెంటనే వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పలచగా పరచాలి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా నల్లబడుతూనే ఉంటుంది. చల్లారాక కాగితపు సంచిలో వారం పది రోజులు ఉంచితే ఘాటైన పొగ వాసన పోతుంది. వేయించేటప్పుడు కిటికీలన్నీ తెరిచి ఉంచండి. ఇంట్లో పెద్దవారికి దగ్గు వస్తే ఆ మాట పడవలసింది మీరే.

ఇంట్లో వేయించిన గింజకు లోవిబాండ్ అంకె ఉండదు కనుక, దాని బలాన్ని కంటితోనే తేల్చాలి. నగల తూకానికి వాడే, గ్రాములో పదో వంతును చూపే చిన్న డిజిటల్ త్రాసు ఇందుకు అవసరం. గింజను మిక్సీలో రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పి బొంబాయి రవ్వ అంత ముతకగా చేసుకోండి. నాలుగు సీసాల్లో లీటరు చొప్పున సుమారు 70 డిగ్రీల వేడి నీళ్ళు పోసి, వాటిలో వరుసగా 2, 4, 6, 10 గ్రాముల రవ్వ వేసి, అరగంట తర్వాత కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. నాలుగింటినీ ఒకే వెడల్పున్న నిలువు గ్లాసుల్లో పోసి, పగటిపూట కిటికీ పక్కన, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. గింజ కొన్నదాని అంత బలంగా ఉంటే 2 గ్రాముల గ్లాసు లేత రాగి రంగులోను, 4, 6 గ్రాములవి ఎరుపు వైపు మొగ్గుతూను, 10 గ్రాములది గోధుమలోను కనిపిస్తాయి. మీ గ్లాసులు ఈ వరుసకు ఎటువైపు జరిగాయో చూసుకొని, కింద చెప్పిన మోతాదును ఆ మేరకు పెంచడమో తగ్గించడమో చేయాలి.

ఇక్కడ వెలుతురు సంగతి ఒకటి గమనించాలి. మన ఇళ్ళలో ఎక్కువగా వాడే తెల్లని ఎల్‌ఈడీ ట్యూబులైట్ల కాంతిలో ముదురు ఎరుపు భాగం తక్కువ. ఆ వెలుతురులో చక్కటి ఎర్ర బీరు కూడా గోధుమగానే కనిపిస్తుంది. రంగు మీద ఏ నిర్ణయమైనా పగటి వెలుతురులోనే తీసుకోండి. గ్లాసు వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది: కాంతి దాటవలసిన దూరం రెట్టింపైతే రంగు కూడా అంతకంత చిక్కబడుతుంది. పులియబెట్టే పెద్ద పాత్రలో నల్లగా కనిపించిన బీరు గ్లాసులోకి వచ్చాక ఎర్రబడటానికి కారణం ఇదే.

లెక్క, 20 లీటర్లకు మోతాదు

ప్రతి మాల్ట్ బరువును కిలోల్లో తీసుకొని దాని లోవిబాండ్ అంకెతో గుణించండి. అన్నింటినీ కూడి, 8.35తో గుణించి, తయారయ్యే బీరు లీటర్లతో భాగించండి. వచ్చిన సంఖ్యను 0.6859 ఘాతానికి హెచ్చించి 1.4922తో గుణిస్తే ఎస్‌ఆర్‌ఎం వస్తుంది. దీన్ని మోరీ సూత్రం అంటారు. ఫోనులోని సైంటిఫిక్ కాలిక్యులేటర్‌తో క్షణంలో అయ్యే పని.

మన మోతాదు ఇది: 2 లోవిబాండ్ లేత మాల్ట్ 3.3 కిలోలు, 9 లోవిబాండ్ మ్యూనిక్ మాల్ట్ (కొంచెం ముదురుగా ఎండబెట్టినది) అర కిలో, 20 లోవిబాండ్ కారారెడ్ 300 గ్రాములు, 500 లోవిబాండ్ వేయించిన బార్లీ 90 గ్రాములు. గుణిస్తే వరుసగా 6.6, 4.5, 6, 45 వస్తాయి, మొత్తం 62.1. దాన్ని 8.35తో గుణించి 20తో భాగిస్తే సుమారు 26, దాని నుంచి సుమారు 14 ఎస్‌ఆర్‌ఎం. నాలుగు కిలోల పైచిలుకు గింజలో 90 గ్రాములే ఉన్న బార్లీ ఆ రంగులో దాదాపు ముప్పాతిక భాగాన్ని మోస్తోందన్నది గమనించండి. ఆ ఒక్క గింజను చిన్న త్రాసులో తూచాలి, మిగిలినవి కూరగాయల త్రాసులో తూచినా నష్టం లేదు.

నీరు

మన తీరంలో చాలా బోర్ల నీరు మరిగిస్తే గిన్నె అడుగున తెల్లటి చెక్కు కడుతుంది. అది బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నదని చెప్పే గుర్తు. అలాంటి నీటిలో మ్యాష్ (వేడి నీటిలో నానుతున్న మాల్ట్ ముద్ద) పీహెచ్ పెరిగి, పొట్టులోని వగరు టానిన్లు దిగుతాయి, మరిగేటప్పుడు రంగు కూడా మోటుగా ముదురుతుంది. తేలిక మార్గం ఆర్‌వో నీరు తీసుకొని, మొత్తం 28.5 లీటర్లకు ఆహారపు నాణ్యత గల కాల్షియం క్లోరైడ్ 5 గ్రాములు కలపడం. మ్యాష్ పీహెచ్ 5.3, 5.4 మధ్య ఉండాలి; చల్లార్చిన చిన్న నమూనాను మీటరుతో చూసి, ఎక్కువగా ఉంటే లాక్టిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా కలిపి సరిచేయండి. కాల్షియం తగినంత ఉంటే యీస్ట్ కూడా చివర త్వరగా అడుగుకు దిగుతుంది.

మ్యాష్ నుంచి మరిగించడం దాకా

వేయించిన బార్లీ తప్ప మిగిలిన మాల్టులను పొట్టు పిండి కాకుండా మర పట్టించి, 12.5 లీటర్ల నీటిలో 66, 67 డిగ్రీల దగ్గర గంటసేపు నాననివ్వండి. పొట్టు నలిగిపోతే వడపోత మొరాయిస్తుంది, బీరు మబ్బు పడుతుంది. వేయించిన బార్లీ రవ్వను చివరి పదిహేను నిమిషాల్లో మాత్రమే పైన చల్లి కలపండి. రంగు దిగడానికి ఆ సమయం చాలు, మాడు రుచి అంతగా దిగదు. తర్వాత వడబోత మొదలుపెట్టి, మొదట వచ్చే మబ్బు రసాన్ని మళ్ళీ పైన పోస్తూ, తేటగా వచ్చేవరకు తిప్పండి. ఎర్ర బీరుకు ఈ తిప్పడం తప్పనిసరి. గింజను కడగడానికి వాడే 16 లీటర్ల నీరు 76 డిగ్రీలు దాటకూడదు. దిగే రసం సాంద్రత (నీటిని 1.000గా తీసుకొని హైడ్రోమీటరుతో కొలిచేది) 1.010 కంటే పడిపోతే ఆపేయండి. అక్కడి నుంచి వచ్చేది చక్కెర తక్కువ, వగరు ఎక్కువ.

గంటసేపు బాగా కదిలేలా మరిగించాలి. అడుగు పలచగా ఉన్న అల్యూమినియం గుండిగను పెద్ద గ్యాస్ మంట మీద పెడితే చక్కెర అడుగంటి, మీరు గ్రాముల్లో తూచి తెచ్చుకున్న రంగు క్షణంలో గోధుమవుతుంది. మందపాటి అడుగున్న స్టీలు పాత్ర వాడండి. రంగు పెరుగుతుందని ఎక్కువసేపు మరిగించే అలవాటు కొందరికి ఉంది. అలా వచ్చే రంగు ఎరుపు కాదు. చేదు కోసం వేసే హాప్స్ పువ్వులతో రంగుకు పెద్దగా సంబంధం లేదు. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ లాంటి హాప్స్ రకాలు, చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం 5 శాతం ఉన్నవి, 40 గ్రాములు మరుగు మొదట్లో వేస్తే చాలినంత చేదు వస్తుంది. పులిసిన తర్వాత చల్లగా హాప్స్ వేసే పద్ధతిని ఈ బీరుకు వాడవద్దు, వాటి పాలీఫినాల్‌ల వల్ల వచ్చే మబ్బు ఎరుపును నారింజగా చూపిస్తుంది.

మరుగు ముగియడానికి పది నిమిషాల ముందు ఐరిష్ మాస్ గాని, వర్ల్‌ఫ్లాక్ మాత్ర గాని వేయండి. ఇందులో పనిచేసేది సముద్రపు నాచు నుంచి తీసే కారజీనన్. అది మాంసకృత్తులను గుంపుగా చేర్చి అడుగుకు దింపుతుంది. ఆ తర్వాత రసాన్ని వీలైనంత వేగంగా చల్లార్చాలి. అయితే వేసవిలో ఇచ్ఛాపురం, బరంపురం ఇళ్ళ మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఆ నీటితో చిల్లర్ (చల్లార్చే) గొట్టం ఎంతసేపు నడిపినా రసం 40 డిగ్రీల కంటే కిందికి దిగదు. అక్కడి నుంచి పాత్రను ఐసు నీళ్ళ తొట్టెలో పెట్టి 18 డిగ్రీలకు తేవాలి. వేగంగా చల్లారినప్పుడే మాంసకృత్తులు ముద్దలుగా విడిపోతాయి; ఆ ముద్దలను అడుగునే వదిలి, పై తేటను పులియబెట్టే పాత్రలోకి దింపండి.

పులియబెట్టడం, తేటపరచడం

త్వరగా గట్టిగా అడుగుకు దిగే ఇంగ్లిష్ యీస్ట్ ఈ బీరుకు తగినది. సాఫేల్ ఎస్-04 ఒక ప్యాకెట్ 20 లీటర్లకు సరిపోతుంది. 18, 19 డిగ్రీల దగ్గర ఉంచడానికి మన వాతావరణంలో పాత ఫ్రిజ్జు, దానికి టెంపరేచర్ కంట్రోలర్ తప్ప వేరే దారి లేదు. తడి గోనె చుట్టే పద్ధతి సముద్రపు గాలిలోని తేమలో పెద్దగా పనిచేయదు. సుమారు 1.045 దగ్గర మొదలైన సాంద్రత 1.011 చుట్టుపక్కలకు వచ్చి, రెండు మూడు రోజులు మారకుండా నిలిచేవరకు కదపవద్దు.

యీస్ట్ కణాలు, మాంసకృత్తులు తేలుతున్నంతసేపు అవి కాంతిని అన్ని వైపులకూ చెదరగొడతాయి. లోపలికి వెళ్ళిన వెలుగు ఎర్రగా బయటికి రావడానికి బదులు పైపైనే తిరిగి వచ్చేసి, గ్లాసు మొత్తం మట్టి రంగులో కనిపిస్తుంది. అందుకే రంగు రాలేదని మరికొంత బార్లీ కలపాలనుకునేవారికి నేను మొదట చెప్పేది, బీరును 1, 2 డిగ్రీల చలిలో వారం రోజులు ఉంచి అప్పుడు చూడమని. సగం కేసుల్లో సమస్య అక్కడే తీరిపోతుంది. తొందరగా తేటపడాలంటే, 150 మిల్లీలీటర్ల నీటిలో 4 గ్రాముల జెలటిన్ కలిపి 65, 70 డిగ్రీలకు వేడిచేసి, మరగనివ్వకుండా, చల్లని బీరులో పోసి రెండు రోజులు ఆగండి. జెలటిన్ పశువుల ఎముకల నుంచో తోలు నుంచో వచ్చేది కనుక, శాకాహారులకు ఇవ్వబోయే బీరులో దాన్ని వాడకూడదు; వారి కోసం చలిని, కాలాన్ని నమ్ముకోవలసిందే.

ఇక గాలి సంగతి. పులిసిన బీరుకు ఆక్సిజన్ తగిలితే ఎరుపు నెమ్మదిగా గోధుమకు జారుతుంది, తడి అట్టపెట్టె వాసన వస్తుంది. బీరును పైనుంచి కిందికి ధారగా పోయకుండా, గొట్టం చివరను పాత్ర అడుగున ఆనించి నెమ్మదిగా దింపండి. వీలుంటే పాత్రను ముందుగా కార్బన్ డయాక్సైడ్‌తో నింపండి. సీసాల్లో నింపదలిస్తే 20 లీటర్లకు 110 గ్రాముల పంచదారను కొద్ది నీటిలో మరిగించి చల్లార్చి కలిపితే సరిపడా నురుగు వస్తుంది. సాంద్రత స్థిరపడకముందు నింపినా, పంచదార ఎక్కువైనా సీసాలు పేలతాయి. దళసరి గాజు సీసాలే వాడండి, వాటిని మూత ఉన్న పెట్టెలో ఉంచండి.

గోంగూర పువ్వు, బీట్‌రూట్

గోంగూర కాయను చుట్టి ఉండే ఎర్రటి కండగల రేకులను ఎండబెట్టి వేస్తే గులాబీ ఎరుపు వస్తుంది. ఆంథోసయానిన్‌లు పులుపులో ఎర్రగా నిలుస్తాయి కనుక ఇది నిజంగానే పనిచేస్తుంది. 20 లీటర్లకు 60 నుంచి 80 గ్రాముల ఎండు రేకులను వేడి నీటిలో నానబెట్టి, వడకట్టి, చల్లార్చి, పులియడం పూర్తయ్యాక కలపాలి. రుచి పుల్లగా మారుతుంది, వెలుతురులోను వేడిలోను రంగు వెలిసిపోతుంది. దాన్ని గోంగూర బీరు అని పిలవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. మాల్ట్ ఎరుపు కోరుకునేవారికి మాత్రం అది సమాధానం కాదు. లేత రంగు మాల్ట్‌తో కాచి, హాప్స్ తగ్గించి, పులుపునే ముందుకు తెస్తే బాగుంటుంది. బీట్‌రూట్ రంగు వేడికి నిలవదు, మట్టి వాసన మాత్రం నిలుస్తుంది. అంగడి రంగుల జోలికి వెళ్ళవద్దు.

చివరి దిద్దుబాటు

బీరు తేటపడిన తర్వాత కూడా రంగు రాగి దగ్గరే ఆగిపోతే దాన్ని దిద్దుకోవచ్చు. మొదట 50 గ్రాముల వేయించిన బార్లీ రవ్వను అర లీటరు చల్లని నీటిలో రాత్రంతా ఫ్రిజ్జులో నాననిచ్చి, వడకట్టి, ఆ నల్లని రసాన్ని పది నిమిషాలు మరిగించి మూతపెట్టి చల్లార్చండి. ఒక గ్లాసులో సరిగ్గా 200 మిల్లీలీటర్ల బీరు తీసుకొని, సూది లేని సిరంజితో ఈ రసాన్ని అర మిల్లీలీటరు చొప్పున కలుపుతూ, పగటి వెలుతురులో తెల్ల కాగితం ముందు పట్టుకొని చూడండి. మీకు కావలసిన ఎరుపు వచ్చిన చోట ఆగి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోండి. 20 లీటర్లు అంటే అలాంటి నూరు గ్లాసులు కనుక, ఆ అంకెను నూరుతో గుణిస్తే మొత్తానికి కలపవలసిన రసం తెలుస్తుంది: గ్లాసుకు ఒక మిల్లీలీటరు పడితే పాత్రకు 100 మిల్లీలీటర్లు. పాత్రలో ముందుగా ఆ లెక్కలో ముప్పాతిక వంతే పోసి, గరిటెతో గాలి కలవకుండా అడుగు నుంచి మెల్లగా తిప్పి, మరుసటి రోజు మళ్ళీ గ్లాసులోకి తీసి చూసిన తర్వాతనే మిగిలినది పోయండి. తగ్గిన రంగును పెంచవచ్చు గాని, గోధుమలోకి దాటిపోయిన బీరును వెనక్కి తెచ్చే మార్గం లేత బీరు కలపడం ఒక్కటే.